ముట్టుకోకు

పదకొండుసార్లు "తర్వాత" అన్నాను.
పన్నెండోసారి అడిగితే, అన్నం కలుపుతూ,
ఎడమచేత్తో "సరే" నొక్కాను.

తెల్లారి చుట్టుగుంటలో ఆటో దిగేసరికి
నూరున్న బ్యాటరీ అరవై రెండు.
మూతేసి సంచిలో పెట్టిందే,
ఒళ్లో జ్వరప్పిల్లలా కాలుతోంది.

యార్డులో పాట మొదలైంది.
ఒక టిక్కీ బరువు నేను కొట్టి
ఆ అంకె తెరమీద పడేలోపు
హమాలీ పోలయ్య ఇంకో రెండు దించేస్తున్నాడు.
తెరమీద గుండ్రం తిరుగుతోంది.
తిరుగుతూనే ఉంది.
నకరికల్లు రైతు నా భుజం మీంచి వంగి చూసి
"ధర ఆలోచిస్తందామ్మా అది?" అన్నాడు.

ఆపి మళ్లీ పెట్టమన్నాడు షావుకారు. పెట్టాను.
తెరవగానే పిలవని పేరంటానికొచ్చినట్టు
వరసగా కూర్చునే ప్రోగ్రాములు తొమ్మిది.
ఎనిమిదింటిని లేపేశాను.
వెలుతురు తగ్గించాను, ఇంకా తగ్గించాను,
సున్నా ఎనిమిదిలా కనపడేదాకా.
నలభైకి నలభై ఎనిమిది రాసి
నాలిక కరుచుకుని కొట్టేశాను.

సాయంత్రం అరండల్‌పేట, మెట్లకింద కొట్టు.
నాగుల్‌మీరా ముందు ముక్కుకి కర్చీఫ్ కట్టుకున్నాడు,
తర్వాతే స్క్రూలు విప్పాడు.
యార్డు మిషన్లు వాడికి కొత్త కాదు.
ఫ్యాన్ రెక్కల మధ్య ఎనిమిది సీజన్ల కారం
పొరమీద పొర.
పైపొర ఈ ఏడుది, ఎరుపింకా చావలేదు.
ఊదాడు.
పక్క కొట్టు టైలరు మిషన్ ఆపి
ఏడు తుమ్ములు తుమ్మాడు.
దారినపోయే ఒకావిడ మా ఇద్దర్నీ కలిపి తిట్టింది.

ఫ్యాన్ చప్పుడు తగ్గింది. గుండ్రం తగ్గలేదు.

"కొత్తది ఎక్కాక లోపలున్నయ్యన్నీ
మళ్లీ మొదట్నించి చదువుకుంటదక్కా,
యాడేముందో గుర్తుకి.
నీ కాడ మరీ ఎక్కువున్నయ్.
ఈ రాత్రికి ప్లగ్గులో పెట్టి వదిలెయ్. ముట్టుకోకు."
మరి బ్యాటరీ?
"అది ముందే ముసల్ది. నిన్న బయటపడింది, అంతే."
రెండొందల యాభై తీసుకున్నాడు.

కొరిటెపాడులో అందరూ పడుకున్నాక
బియ్యం డ్రమ్ము మీద అదొక్కటే మేలుకుని ఉంది.
చిన్న దీపం కొట్టుకుంటోంది.
ఇప్పుడు ఏ ఏడాది దగ్గరుందో.
సరుకంతా తడిసిన ఆ నవంబరు దాటిందా?
ఉద్యోగం మానేస్తానని నేను కొట్టి
ఎవరికీ ఇవ్వని కాగితం చదివేసి ఉంటుంది.
ఇంకా ముందుకెళ్తే ఏసోబు చీటీ.

ముప్పాళ్ల ఏసోబు.
నలభై ఎనిమిది కేజీల టిక్కీకి నలభై రాశాను.
లెక్క తేలేసరికి ఆయన బస్సెక్కేశాడు.
కిలో తొంభై ఆ రోజు, ఏడొందల ఇరవై.
షావుకారుకి చెప్పలేదు.
మర్నాడు చెబుదామనుకున్నాను,
మర్నాడు లారీలొచ్చాయి.
ఆరేళ్లయింది.
దీపం ఎక్కడా ఆగలేదు. నేనే రెండుసార్లు లేచి
మంచినీళ్లు తాగాను.
ముట్టుకోలేదు.

పొద్దున్న చల్లగా ఉంది మూత.
చుట్టుగుంట దగ్గర ఎనభై ఎనిమిది. ఫరవాలేదు.
కొట్టు ఇంకా తెరవలేదు, గట్టుమీదే కూర్చుని
వెతుకు అన్నచోట "ఏసో" అని కొట్టానో లేదో
మిగతా పేరు నాకంటే ముందే పూర్తిచేసి
చీటీ తెచ్చి ముందు పెట్టింది.
తేదీ. రకం: తేజ. టిక్కీలు పదమూడు.
అడుగున ఫోన్ నంబరు.

ఇంకా ఆ నంబరే వాడుతున్నాడో లేదో.
ఏమని మొదలుపెట్టాలి,
నేను ఎవరినని చెప్పాలి?
పోలయ్య వస్తున్నాడు, తలగుడ్డ చుట్టుకుంటూ.
మొదటి ఆరంకెలు నొక్కాను.
బ్యాటరీ ఎనభై ఐదు.